డాక్టరుగారికి ఉత్తరం

ఆసుపత్రికి వెళ్ళొచ్చిన ఇంట్లో ఆ సాయంత్రం తరచుగా వినిపించే మాట ఒకటుంది: "అయ్యో, అసలు సంగతి అడగడం మరిచిపోయామే!" పాత మందు ఆపేయాలా, కొత్తదానితో కలిపి వేసుకోవాలా? తిన్నాకా, తినకముందా? రిపోర్టులో ఒక అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉంది, అది దేనికి? గుమ్మం దాటాక గుర్తొచ్చిన ఇలాంటి ప్రశ్న మందుల షాపు కుర్రాడి దగ్గరికో, అదే జబ్బున్న పక్కింటివారి దగ్గరికో చేరుతుంది. చేరాల్సిన మనిషికి మాత్రం చేరదు. మళ్ళీ వెళ్దామంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలవుతాయి, పొద్దున్నించీ వరసలో కూర్చోవాలి. అందుకే ఈమధ్య చాలామంది డాక్టరుకి రాస్తున్నారు. కొందరు ఈమెయిల్లో, ఇంకొందరు వాట్సాప్‌లో, పెద్ద ఆసుపత్రుల్లో చూపించుకునేవాళ్ళు ఆ ఆసుపత్రి యాప్‌లో. ఈ పూట నేను మాట్లాడదలచింది ఆ రాత గురించే. డాక్టరుకి రాయడం మంచిదనీ, అది ఇంకా పెరగాలనీ నా వాదన. అయితే దానికొక షరతుంది. ఆ ఉత్తరం పెళ్ళిలో ఎదురైన డాక్టరుని పక్కకు పిలిచి మొహమాటపెట్టి అడిగే సాయంలాంటిది కాకూడదు. అదీ వైద్యమే, ఓపీ గదిలో జరిగే వైద్యానికి కొనసాగింపే అని రోగీ, డాక్టరూ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నప్పుడే దానికొక పద్ధతి, ఒక ఫీజు, ఒక రికార్డు, ఒక హద్దు ఏర్పడతాయి.

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది ఎందుకు చాలదో ముందు చూద్దాం. ప్రాథమిక వైద్యుడు ఒక్కో రోగికి ఎంతసేపు కేటాయిస్తున్నాడో 67 దేశాల లెక్కలు ఒకచోట చేర్చిన పరిశీలన ఒకటి 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. స్వీడన్‌లో 22 నిమిషాల పైమాట. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. ప్రపంచ జనాభాలో సగం మంది నివసించే 18 దేశాల్లో ఐదు నిమిషాలు కూడా దక్కడం లేదు, వాటిలో మన దేశమూ ఉంది. దక్కిన ఆ కాస్త సమయంలోనూ రోగి మాట పూర్తికాదు. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు 74 మంది రోగులు డాక్టర్లతో మాట్లాడిన మాటలను రికార్డు చేసి విన్నారు. తమ బాధ ఏమిటో చివరిదాకా చెప్పుకోగలిగినవాళ్ళు వారిలో నాలుగో వంతు కూడా లేరు. అడ్డు తగిలిన చోట సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగిలాడు. ఇక డాక్టరు చెప్పింది రోగి దగ్గర ఎంత నిలుస్తుంది? దీనిమీద జరిగిన పరిశోధనలను సమీక్షించి కెసెల్స్ అనే డచ్ శాస్త్రవేత్త 2003లో రాసినదాని ప్రకారం, విన్నదాంట్లో 40 నుంచి 80 శాతం వరకు రోగులు అక్కడికక్కడే మరిచిపోతారు. గుర్తుందనుకున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుంది. తీరిగ్గా తలుపు వేసుకుని మాట్లాడుకునే దేశాల సంగతే ఇలా ఉంటే, ముందు పేషెంటు చొక్కా గుండీలు పెట్టుకుంటుండగానే తర్వాతి పేషెంటు స్టూలు మీద కూర్చునే మన ఓపీల్లో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. ఇందులో డాక్టరుని తప్పుపట్టడానికి లేదు, బయట వంద మంది నిలబడి ఉంటారు. రోగినీ తప్పుపట్టలేం. భయంలో ఉన్న మనిషి చెవికి మాట సగమే ఎక్కుతుంది.

రాత ద్వారా వైద్యం కొత్త సంగతేమీ కాదు. 18వ శతాబ్దంలో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో విలియం కలెన్ అనే వైద్యాచార్యుడు ఉండేవాడు. ఎక్కడెక్కడి నుంచో రోగులూ, వాళ్ళ ఊరి వైద్యులూ జబ్బు వివరాలు రాసి ఆయనకు పంపేవారు. రోగిని చూడకుండానే ఆయన సలహా రాసి టపాలో పంపేవాడు. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు వేల సంఖ్యలో ఈనాటికీ ఎడిన్‌బరో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఎలా మిగిలాయో గమనించండి. తాను పంపే జవాబులకు కలెన్ నకళ్ళు తీయించి దగ్గర ఉంచుకునేవాడు. మొదట్లో చేత్తో రాయించేవాడు, 1781 నుంచి ఆవిరి యంత్రపు జేమ్స్ వాట్ తయారుచేసిన నకళ్ళ యంత్రాన్ని వాడాడు. ఆ కాలంలోనే స్విట్జర్లాండులోని లొసాన్ పట్టణంలో తిస్సో అనే వైద్యుడు 1761లో సామాన్యుల కోసం ఒక ఆరోగ్య గ్రంథం ప్రచురించాడు. వైద్యుడికి కబురు పంపేవాళ్ళు ఏయే ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకోవాలో అందులో ఒక పట్టిక ఇచ్చాడు. వయసెంత, జబ్బు ఎన్నాళ్ళుగా ఉంది, నిద్ర పడుతోందా, ఇంతవరకు ఏం మందులు వాడారు, ఇలా సాగుతుంది ఆ పట్టిక. రోగి ఏం రాయాలి, డాక్టరు ఏం దాచుకోవాలి అనే రెండు విషయాలూ రెండున్నర శతాబ్దాల కిందటే ఆలోచించినవన్నమాట. తర్వాత స్టెతస్కోపు వచ్చింది, ఎక్స్‌రే వచ్చింది, రక్తపరీక్షలు వచ్చాయి. వైద్యం రోగి దేహాన్ని దగ్గరగా చూడడం నేర్చుకుంది, ఉత్తరం వెనకబడింది. అది న్యాయమే. ఈమెయిల్ వచ్చాక ఉత్తరం మళ్ళీ తిరిగొచ్చింది. 1998లో అమెరికాలో కేన్, శాండ్స్ అనే ఇద్దరు వైద్యులు వైద్య సమాచార నిపుణుల సంఘం తరఫున దానికి నియమాలు రాశారు. జవాబు ఎంతలోగా వస్తుందో ముందే చెప్పండి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడవద్దని చెప్పండి, వచ్చిన ఉత్తరాన్ని రోగి ఫైల్లో చేర్చండి అన్నారు. వాట్సాప్ పుట్టకముందే రాసిన ఆ నియమాల్లో ఇవాళ పనికిరానివి పెద్దగా లేవు.

ఇలా రాసుకోవడం వల్ల ఆరోగ్యం బాగుపడుతుందా? ఈ ప్రశ్నకు దొరికే మంచి సాక్ష్యం అమెరికాలోని కైసర్ పర్మనెంటే సంస్థ నుంచి వచ్చింది. షుగరు గానీ బీపీ గానీ రెండూ గానీ ఉన్న 35,423 మందిని పరిశీలించి 2010లో హెల్త్ అఫైర్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. డాక్టరుతో భద్రమైన ఈమెయిల్ నడిపినవాళ్ళలో షుగరు, కొలెస్టరాల్, బీపీ పరీక్షలు సమయానికి చేయించుకోవడం, వాటిని అదుపులో ఉంచుకోవడం 2 నుంచి 6.5 శాతం పాయింట్ల మేర మెరుగ్గా కనిపించింది. చూడ్డానికి చిన్న అంకెలే. కానీ ఏళ్ళతరబడి మోయాల్సిన జబ్బుల్లో, లక్షలమందిలో, అంత తేడా చిన్నది కాదు. అయితే ఒక జాగ్రత్త అవసరం. డాక్టరుకి రాసే అలవాటున్న మనిషి మొదటి నుంచీ శ్రద్ధగల మనిషే అయివుండొచ్చు. ఎంత జాగ్రత్తగా సరిపోల్చినా ఆ అనుమానం పూర్తిగా పోదు. ఇంకో సంగతీ దాచకూడదు. రాసుకుంటే ఆసుపత్రికి రావడం తగ్గుతుందని అందరూ ఆశించారు. 2012లో జామా పత్రికలో వచ్చిన కొలరాడో అధ్యయనంలో దీనికి విరుద్ధంగా, ఆన్‌లైన్‌లో రికార్డులు చూసుకుంటూ డాక్టర్లకు రాసేవాళ్ళు ఆసుపత్రికి రావడం పెరిగింది. అందుకే ఉత్తరం వల్ల సమయం, డబ్బు ఆదా అవుతాయన్న వాదన నేను చేయను. అది రుజువు కాలేదు. ఉత్తరానికి నేనిచ్చే విలువ వేరే కారణానికి. అది రోగి చేత తన బాధను పూర్తిగా చెప్పిస్తుంది, డాక్టరు చేత తన సలహాను నిలిచేలా చెప్పిస్తుంది.

బాధను పూర్తిగా చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. మన భాషలో జబ్బుల మాటలు ఎంత చక్కనివో అంత విశాలమైనవి. "కళ్ళు తిరుగుతున్నాయి" అంటాం. గది గిర్రున తిరిగినట్టుందా, లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయా, నడుస్తుంటే తూలుతున్నట్టుందా? మూడూ ఒకటే మాట, మూడింటికీ కారణాలు వేరు. మొదటిది చెవి లోపలి భాగానికి సంబంధించినది కావచ్చు, రెండోది బీపీ మందు ఎక్కువై కావచ్చు, మూడోది నరాలది కావచ్చు. "వేడి చేసింది" అంటాం. నోరు పూసిందా, మూత్రం మంటగా ఉందా, ఒంటి మీద సెగ్గడ్డలు లేచాయా, కళ్ళు మండుతున్నాయా? వినే డాక్టరు తెలుగువాడైనా సరే ఆ ఒక్క మాటతో ఎటూ తేల్చలేడు. "ఆయాసం" అన్నప్పుడు ఊపిరి అందకపోవడమా, ఒట్టి అలసటా? ఎన్ని మెట్లు ఎక్కితే వస్తోంది? పడుకుంటే పెరుగుతోందా? నోటితో చెప్పేటప్పుడు మాట తొందరగా వచ్చేస్తుంది, దానికి డాక్టరు తనకు తోచిన అర్థం తీసుకుంటాడు. రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ఆగినచోట మనిషి ఆలోచిస్తాడు. ఎప్పుడు మొదలైంది? అంతకుముందు ఏం మారింది? ఈ ప్రశ్నలు ఎవరికి వారు వేసుకోవడంలోనే సగం రోగనిర్ధారణ ఉంది. చక్కగా అడిగి తెలుసుకున్న రోగచరిత్ర పరీక్షలకు ముందే జబ్బు దారి చూపుతుందని వైద్య విద్యార్థులకు మొదటి నుంచీ నేర్పుతారు. ఉత్తరం ఆ చరిత్రను రోగి చేతికే ఇస్తుంది.

ఒక మంచి ఉత్తరం ఎలా ఉంటుందో చూద్దాం. "సార్, కాళ్ళు వాస్తున్నాయి, ఏం చెయ్యమంటారు?" అని ఒకరు పంపారనుకోండి. డాక్టరు ఏం చెప్పగలడు? గుండె, మూత్రపిండాలు, కాలేయం, సిరల్లో గడ్డకట్టిన రక్తం, అన్నీ ఆయన మనసులో మెదులుతాయి. "వచ్చి కనపడండి" అనడం తప్ప దారి ఉండదు. ఇప్పుడు ఇది వినండి. "నా వయసు 62. పోయిన నెల 3వ తేదీన బీపీకి మీ దగ్గర చూపించుకున్నాను. అప్పటినుంచి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజూ పొద్దున ఒకటి వేసుకుంటున్నాను. షుగరు లేదు. రెండు వారాలుగా సాయంత్రమయ్యేసరికి రెండు పాదాలూ చీలమండల దగ్గర వాస్తున్నాయి, తెల్లారేసరికి తగ్గుతున్నాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఆయాసం లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది. ఇంట్లో వారం రోజులు చూసుకున్న బీపీ సగటు 132 పైన 80. ఇది మాత్ర వల్ల వచ్చిందా? మార్చాలా, నేను రావాలా?" అంతా కలిపి పది వాక్యాలే. ఆమ్లోడిపిన్ వేసుకునే కొందరికి పాదాల్లో వాపు రావడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతి. ఈ ఉత్తరం చదివిన డాక్టరుకి ఏం అనుమానించాలో, వేటిని పక్కన పెట్టవచ్చో, రప్పించాల్సిన అవసరం ఎంతవరకు ఉందో చాలామటుకు తెలిసిపోతుంది. ఉన్న బాధలతోపాటు లేని బాధలూ ఇందులో రాసి ఉండడం గమనించండి. ఆయాసం లేదు అన్న ఒక్క మాట డాక్టరు మనసులోంచి పెద్ద భయాన్ని తీసేస్తుంది. ఇంకో సంగతి, చివర అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. తలా తోకా లేకుండా ఇరవై ముక్కలుగా, ఒక్కో ముక్కా ఒక్కో మెసేజ్‌గా పంపితే వాటిని ఏరుకోవడానికే డాక్టరు సమయం చాలదు. రిపోర్టు ఫోటో పంపేటప్పుడు పేరు, తేదీ కనపడేలా పూర్తి పేజీ తీయండి. మందు ఫోటో తీసేటప్పుడు మాత్ర రంగు కాదు, అట్ట మీద పేరూ మిల్లీగ్రాములూ కనపడాలి. తెల్ల మాత్ర, గుండ్రటిది అంటే అలాంటివి వందలున్నాయి.

ఇక అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, అన్నిటికంటే బలమైనది, డాక్టర్ల నుంచే వస్తుంది. చెయ్యి పట్టి నాడి చూడకుండా, పొట్ట నొక్కి చూడకుండా వైద్యమెలా చేస్తాం అంటారు. నిజం. 2018లో బొంబాయి హైకోర్టు ముందుకొచ్చిన కేసు డాక్టర్లలో చాలా భయం పుట్టించింది. ప్రసవమైన మహిళకు ఆసుపత్రిలో లేని డాక్టర్లు ఫోనులో మందులు చెప్పారు, ఆమె చనిపోయింది. ఆ డాక్టర్లకు కోర్టు ముందస్తు బెయిలు ఇవ్వలేదు. ఆ తర్వాత చాలామందికి ఫోనులో నోరు విప్పాలన్నా, మెసేజ్‌కు జవాబివ్వాలన్నా జంకు కలిగింది. ఆ చీకట్లో దారి వేసింది 2020 మార్చి 25న, అంటే లాక్‌డౌన్ మొదలైన రోజునే, కేంద్రం వెలువరించిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు. వీడియో, ఫోను, రాత అని మూడు మార్గాలనూ అవి గుర్తించాయి. రాతలో ఈమెయిల్, చాట్, మెసేజ్ అన్నీ వస్తాయి. రాత సరిపోతుందా, వీడియో కావాలా, మనిషే రావాలా అన్నది నిర్ణయించే అధికారం డాక్టరుదే. మొదటిసారి సంప్రదించే రోగికీ, ఆరు నెలల్లోపు అదే జబ్బుకు అదే డాక్టరు దగ్గర ప్రత్యక్షంగా చూపించుకున్న రోగికీ ఆ మార్గదర్శకాలు తేడా చూపాయి. ముఖం తెలియని కొత్త రోగికి రాత ద్వారానే అయితే పారాసెటమాల్, ఓఆర్ఎస్ లాంటి సాధారణమైన మందులే రాయవచ్చు. పాత రోగికి ముందున్న మందు కొనసాగించవచ్చు, అదే జబ్బుకు కొన్ని మందులు కలపవచ్చు. అలవాటుపడే ప్రమాదమున్న మత్తుమందుల జాతివి దూరం నుంచి ఎవరికీ రాయకూడదు. కొత్త లక్షణం తలెత్తితే పాత రోగి కూడా కొత్త రోగితో సమానమే. ఇంతకంటే తెలివైన హద్దు గీయడం కష్టం. చూపించుకోవడానికి ఉత్తరం బదులు కాదు, ఒకసారి చూపించుకున్నాక అది అక్కరకొస్తుంది. ఇక్కడే ఒక మాట. ఆ మార్గదర్శకాల్లో ఆర్ఎంపీ అనే పదం అడుగడుగునా కనిపిస్తుంది. చట్టంలో దానికి అర్థం వైద్య మండలిలో పేరు నమోదైన డాక్టరు అని. మన పల్లెల్లో మాత్రం చదువు లేకుండా వైద్యం చేసేవారిని ఆర్ఎంపీ అంటాం. ఆ పేరు చూసి పొరబడకండి. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును మందుల చీటీ మీద చూపించాలని నిబంధన ఉంది, దాన్ని చూడండి.

హద్దు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఈ ముక్క గట్టిగా చెప్పాలి. గుండెల్లో బరువు, నొప్పి వస్తే "గ్యాస్ పట్టింది" అని మెసేజ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడకండి. మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం, మాట తడబడడం పక్షవాతపు గుర్తులు. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలు. ఆ గంటల్లో సగం నీలం టిక్కుల కోసం చూస్తూ పోగొట్టుకుంటే తర్వాత ఏ డాక్టరూ తిరిగి ఇవ్వలేడు. పాము కాటు, ఊపిరి అందకపోవడం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం, పసిబిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉండడం, వీటిలో ఏదీ రాసే విషయం కాదు. 108కి ఫోను చెయ్యాలి. 2005లో హైదరాబాదులో మొదలై దేశమంతా పాకిన ఆ నంబరు ఉన్నది ఇందుకే.

రెండో అభ్యంతరం సమయానిది. డాక్టర్లకు ఇప్పటికే ఊపిరి సలపడం లేదు, రాత్రి పదకొండింటికి కూడా మెసేజ్‌లు వస్తే వాళ్ళెప్పుడు బతకాలి? ఇది ఊరికే చెప్పే సాకు కాదు. కోవిడ్ వచ్చాక అమెరికాలో డాక్టర్లకు రోగుల నుంచి వచ్చే మెసేజ్‌లు అంతకుముందుతో పోలిస్తే ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగాయి. క్లీవ్‌లాండ్ క్లినిక్ లాంటి పెద్ద ఆసుపత్రి 2022 నవంబరు నుంచి, డాక్టరు ఐదు నిమిషాలకు పైగా వెచ్చించాల్సి వచ్చే మెసేజ్‌లకు బిల్లు వేయడం మొదలుపెట్టింది. ఆ నిర్ణయం మీద అక్కడ విమర్శలు వచ్చాయి. నేను మాత్రం దాన్ని సమర్థిస్తాను. చదివి, పాత కాగితాలు తీసి చూసి, ఆలోచించి, జవాబు రాయడం పని. ఆ జవాబులో తప్పు దొర్లితే డాక్టరుదే బాధ్యత. బాధ్యత ఉన్న పనికి ప్రతిఫలం ఉండాలి. మన మార్గదర్శకాలు కూడా ఫీజు తీసుకోవచ్చనీ, తీసుకుంటే రసీదు ఇవ్వాలనీ స్పష్టంగా చెప్పాయి. ఉచితంగా ఇచ్చే జవాబు ముక్తసరిగా ఉంటుంది, లేదా అసలు రాదు. అడిగేవాడికీ మొహమాటమే. ఆ మొహమాటంలో అడగాల్సింది అడగకుండా మిగిలిపోతుంది. రోగులకు భారమవుతుందనే భయం నిజమైనదే, దానికి మందు మన దగ్గరే ఉంది. మన ఊళ్ళలో చాలా ప్రైవేటు క్లినిక్కుల్లో ఒకసారి కట్టిన ఓపీ ఫీజు కొన్ని రోజుల వరకు చెల్లుతుంది, ఆ గడువులో మళ్ళీ చూపించుకుంటే ఫీజు ఉండదు. ఆ మంచి ఆచారాన్నే ఉత్తరానికీ వర్తింపజేయవచ్చు. గడువులోపు రాసిన ఉత్తరానికి ఫీజు వద్దు, గడువు దాటాక ఓపీ ఫీజు కంటే తక్కువగా ఒక మొత్తం ముందే చెప్పి తీసుకోవచ్చు. రోజులో ఒక అరగంట జవాబులకని కేటాయించి, రెండు రోజుల్లో సమాధానం వస్తుందని ముందే చెబితే రాత్రి పదకొండింటి మెసేజ్‌లు వాటంతటవే తగ్గుతాయి. ఎప్పుడొస్తుందో తెలియని జవాబు కోసమే జనం పదేపదే రాస్తారు. డాక్టరు బదులు కృత్రిమ మేధ జవాబులు రాస్తే సరిపోదా అని ఈమధ్య అడుగుతున్నారు. 2020 మార్గదర్శకాలు దానికీ జవాబిచ్చాయి. యంత్రం డాక్టరుకి సాయపడవచ్చు, రోగికి నేరుగా సలహా చెప్పడానికీ మందు రాయడానికీ వీల్లేదు.

మూడో అభ్యంతరం నా మనసుకు అన్నిటికంటే దగ్గరది. ఇదంతా చదువుకున్నవాళ్ళకు, ఫోన్లున్నవాళ్ళకు కదా, వేలిముద్ర వేసే అవ్వ సంగతేమిటి? ఆ అవ్వకు రాత ద్వారా న్యాయం జరగదని ఒప్పుకోవాలి. ఆమె కోసం వేరే దారి కావాలి, అది కొంతవరకు ఉంది కూడా. కేంద్ర ఆరోగ్య శాఖ వారి ఈ-సంజీవని సేవను ఊరి ఆరోగ్య కేంద్రాల ద్వారా దేశంలో మొట్టమొదట ప్రారంభించిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే, 2019 నవంబరులో. అక్కడ ఆరోగ్య కార్యకర్త రోగి పక్కన కూర్చుని, బీపీ చూసి, వివరాలు నమోదు చేసి దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడిస్తుంది. అంటే అవ్వ ఉత్తరం ఆ కార్యకర్త రాసిపెడుతోంది. ఒకప్పుడు కార్డు ముక్క పట్టుకుని చదువొచ్చినవాళ్ళ అరుగు మీదికి వెళ్ళి రాయించుకున్నట్టే. ఇక చదువుండీ ఇంగ్లీషు రాదని వెనకాడేవారికి నా మాట ఒకటే. తెలుగులో రాయండి. మీ డాక్టరు మీతో తెలుగులోనే మాట్లాడుతున్నాడు కదా, తెలుగులో చదవడూ? రాని ఇంగ్లీషులో "బాడీ వీక్, హెడ్ రొటేటింగ్" అని రాస్తే మీ బాధా పోతుంది, అర్థమూ పోతుంది. తెలుగు టైపు చేయడం రాకపోతే ఫోనుకు చెబితే అదే టైపు చేస్తుంది. ఒకసారి చదువుకుని తప్పులు దిద్ది పంపండి.

పిల్లలు రాయడం ఇంకో చిక్కు. తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో, కొడుకో కూతురో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో వేలకు వేలు. అక్కడ తమ డాక్టర్లకు యాప్‌లో రాసే అలవాటున్న పిల్లలు ఇక్కడి డాక్టర్లకూ రాస్తారు. ప్రేమతోనే రాస్తారు. కానీ అమ్మకు ఆయాసం ఎంత ఉందో పదమూడు వేల కిలోమీటర్ల అవతల కూర్చుని రాసినవాళ్ళకు తెలిసింది ఫోనులో అమ్మ చెప్పినంతే. బిడ్డ కంగారు పడతాడని అమ్మ సగమే చెబుతుంది. రోగి తరఫున వేరొకరు సంప్రదించవచ్చని మార్గదర్శకాలు అంటాయి, కానీ బంధుత్వం రుజువు కావాలి, లేదా రోగి నుంచి అనుమతి ఉండాలి. అన్నింటికంటే మంచి పద్ధతి, అమ్మ చెప్పగా పక్కనున్నవారు రాసి, పిల్లలకు దాని నకలు పంపడం. ఆ ఉత్తరంలో మొదటి వాక్యం ఎవరు రాస్తున్నారో చెప్పాలి. తల్లికి తెలియకుండా తల్లి జబ్బు గురించి డాక్టరుతో రాసుకోవడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా ఆమె హక్కును కాదనడమే.

గోప్యతను కూడా అలక్ష్యం చేయకూడదు. రిపోర్టులు కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, అక్కడినుంచి డాక్టరుకి పంపేవాళ్ళున్నారు. ఒకసారి గ్రూపులో పడిన కాగితం ఎన్ని చేతులు మారుతుందో పెట్టినవారికే తెలియదు. క్లినిక్ నంబరుకు మీరు పంపిన మెసేజ్ మొదట రిసెప్షన్‌లో కూర్చున్నవారు చదవొచ్చు. సంతానం, మనసుకు సంబంధించిన బాధలు, హెచ్ఐవీ లాంటివి రాసేముందు ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటుందో అడిగి తెలుసుకోవడం మీ హక్కు. హెచ్ఐవీ ఉన్నవారి వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 చట్టం ఉంది. డిజిటల్ రూపంలో ఉన్న వ్యక్తిగత సమాచారం రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టాలు అవసరమే, అయితే ఆఫీసు ఈమెయిల్ నుంచి జబ్బు సంగతులు పంపకుండా ఉండడం, ఇంట్లో నలుగురూ వాడే ఫోనులో తాళం వేసుకోవడం మన చేతిలోనివి. మరొకటి. కొన్ని రోజులకు మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు ఫోనులో ఉంటుంది. డాక్టరుతో మాట్లాడే చోట దాన్ని తీసేయండి. ఈమెయిళ్ళు, చాట్‌ల రికార్డు ఉంచుకోవాల్సిన బాధ్యత డాక్టరుది, అది నిబంధనలోనే ఉంది. మీ నకలు మీరూ ఉంచుకోండి. రేపు వేరే ఊళ్ళో వేరే డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ఏ తేదీన ఏ మందు ఎందుకు మార్చారో చూపించగల కాగితం అదే అవుతుంది.

ఇక డాక్టర్లకు నా విన్నపం. మీ ఓపీ చీటీ కింద ఇప్పుడు "వచ్చేటప్పుడు పాత చీటీ తీసుకురండి" అని అచ్చువేస్తున్నారు. దాని కిందే మరో నాలుగు ముక్కలు తెలుగులో అచ్చువేయించండి. ఏ చిరునామాకు లేదా ఏ నంబరుకు రాయాలి, ఎన్నాళ్ళలో జవాబిస్తారు, ఫీజు ఎంత, ఏ బాధలకు రాయకుండా 108కి ఫోను చేయాలి. శ్రోతలారా, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మీ చీటీ మీద ఆ ముక్కలు లేకపోతే, లేచేముందు ఒక్క మాట అడగండి: "డాక్టరుగారూ, తర్వాత ఏమైనా అడగాల్సి వస్తే మీకు రాయవచ్చా, ఎక్కడికి రాయమంటారు?" ఆయన చెప్పింది అక్కడే ఆ చీటీ వెనక రాసుకోండి.